ఆమె ఏ మాటన్నది?

“ఆమె ‘లో మూడ్’ అన్నదా?”

సార్ నా కేస్ షీట్ మీంచి తల ఎత్తకుండానే అడిగారు. నేను కాసేపు ఆలోచించి, “అనలేదు సార్” అన్నాను.

“మరి ఏమన్నది?”

గుర్తు రాలేదు. గంటన్నర సేపు ఆ పేషెంటు ఎదురుగా కూర్చుని తొమ్మిది పేజీలు నింపాను. వచ్చి కూర్చోగానే ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాటేమిటో మాత్రం చెప్పలేకపోయాను. ‘లో మూడ్, సిక్స్ మంత్స్’ అని నేను రాసుకున్న ఇంగ్లీషు వాక్యం కింద సార్ ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన ‘ఎవరి మాట?’ అని రాసి షీట్ నా వైపు జరిపారు.

అది 2008, శ్రావణమాసం. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీలో మొదటి ఏడాది హైదరాబాద్‌లో ముగించుకుని, పోస్టింగ్‌కని వరంగల్‌లో ఒక పెద్ద దవాఖాన సైకియాట్రీ ఓపీకి వచ్చాను. మా ఊరు అక్కడికి గంట ప్రయాణం. వారానికోసారి సర్వపిండి పంపొచ్చని మా అమ్మ సంబరపడింది. సొంత జిల్లా, సొంత మనుషులు, సొంత భాష, ఇక కష్టమేముంటుందని నేనూ సంబరపడ్డాను.

బోల్తా పడింది అక్కడే.

నా భాష సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ నుంచీ హాస్టళ్లలోనే పెరిగాను. మొదటి సంవత్సరంలో ఎవరో నా ‘గిట్ల’, ‘గట్ల’ విని పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకు భయపడి రెండేళ్లలో నా నాలుకను రుద్దిరుద్ది కడిగేసుకున్నాను. ఎంఫిల్‌కు వచ్చేసరికి నా తెలుగు రేడియో వార్తల తెలుగు. పైగా పాఠాలన్నీ ఇంగ్లీషులో. అంటే వరంగల్ ఓపీలో కూర్చున్న రోజున నేను ఇంగ్లీషులో అనుకుని, రేడియో తెలుగులో అడిగి, మా అమ్మ భాషలో వచ్చిన జవాబును మళ్లీ ఇంగ్లీషులోకి దించి రాసుకుంటున్నాను. ఆ రెండు మలుపుల దగ్గర ఎంత సరుకు జారిపోతోందో అప్పుడు నాకు తెలియదు.

సార్‌ది గుంటూరు వైపు. ఉద్యోగం మీద ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాట్లాడితే ఇప్పటికీ ఆ యాసే. కానీ ఆయన చొక్కా జేబులో ఒక చిన్న పాకెట్ పుస్తకం ఉండేది. అందులో రంది, బుగులు, మనాది, గాబరా, పరేశాన్, ‘గుంజుడు’, ‘దేవుడు’ అని మాటలు, ఒక్కోదాని పక్కన రెండు మూడు వాక్యాలు. ‘దేవుడు’ చూసి నేను భగవంతుడనుకున్నాను. కాదు, కడుపులో దేవినట్టు అవడం. కోస్తా యాసలో మాట్లాడే ఈయన మా మాటలు మూటగట్టుకుంటున్నాడు, ఇక్కడే పుట్టిన నేను వాటిని పారేసి వచ్చాను. ఆ వయసులో అది సిగ్గులా కాదు, కోపంలా అనిపించింది. ఆయన మీద కోపం, అదీ విచిత్రం.

ఓపీ అంటే ఒకటే గది. మూడు టేబుళ్లు, రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరగదు. పొద్దున తొమ్మిదికల్లా వరండా నిండేది. పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి బస్సులు దిగి వచ్చినవాళ్లు. వాళ్ల నోట మేము ‘నరాల డాక్టర్లం’. నేను మందులు రాసే డాక్టర్ను కానని మొదటి వారమంతా అందరికీ ఓపిగ్గా వివరించాను. ఎవరూ పట్టించుకోలేదు. “గట్లనా డాక్టరమ్మా” అని వినేసి చేయి చాపేవాళ్లు, నాడి చూడమని.

కొత్త పేషెంటు వస్తే మాలాంటి ట్రెయినీ వర్కప్ చేసి, అంటే వివరాలన్నీ అడిగి రాసుకుని, సార్‌కు చెప్పాలి. దానికొక ప్రొఫార్మా. పేరు, వయసు, ఊరు. వెంట వచ్చినవాళ్లెవరు, వాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు, వాళ్లకు తెలిసింది ఎంతవరకు సరిపోతుంది. బాధలేమిటి, ఎన్నాళ్ల నుంచి, ఒక్కసారిగా వచ్చాయా మెల్లమెల్లగా పాకాయా. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. కాన్పు ఎట్లా అయింది, బడికి పోయారా, పెళ్లి, పని, జబ్బు రాకముందు మనిషి ఎట్లాంటివారు. ఆ తర్వాత ఎంఎస్‌ఈ, అంటే ఆ పూట మన ముందు కూర్చున్న మనిషి మనసు ఎట్లా ఉందో చూసి రాయడం. వాలకం, మాట తీరు, ఆలోచన, లేనివి కనబడటం వినబడటం, లెక్క, జ్ఞాపకం, తన జబ్బు తనకు ఎంత ఎరుక అన్నది. ఆ ఎరుకకు ఆరు మెట్లు.

ఇదంతా కంఠతా వచ్చు నాకు. మొదటి రోజు మొదటి ప్రశ్న ఎంత పద్ధతిగా అడిగానంటే, పాఠంలో ఉన్న ఇంగ్లీషు ప్రశ్నను అక్షరం పొల్లు పోకుండా తెలుగు చేసి, ఒక పెద్దమనిషిని, “మిమ్మల్ని ఇక్కడికి ఏది తీసుకొచ్చింది?” అన్నాను.

ఆయన ఒకసారి కొడుకు వైపు చూసి, “ఏడుగంటల పరకాల బస్సు” అన్నాడు.

పక్క టేబుల్ దగ్గర సీనియర్ అక్క దగ్గు నటించింది.

అదే వారం ఇంకో కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి, నిద్ర పోవడం లేదని మేనమామ తీసుకొచ్చాడు. ప్రొఫార్మాలో వరుసగా పోతూ, “చుట్టూ ఎవరూ లేనప్పుడు మీకు మాటలు వినపడతాయా?” అన్నాను. వెంటనే, “ఆ, వినపడ్తయ్” అన్నాడు. ఇంత తేలిగ్గా దొరికిందా అని చేతులు వణికాయి నాకు. భ్రాంతులున్నాయని రాసేశాను. ఎవరి గొంతు అని అడగలేదు, ఏమంటుందని అడగలేదు. సార్ వచ్చి కుర్చీ లాక్కుని, “ఏం తమ్ముడూ, ఎవరూ లేనప్పుడు మాటలు వినపడతాయన్నావట, ఎక్కడినుంచి?” అంటే ఆ పిల్లవాడు అమాయకంగా జేబు తట్టి చూపించాడు. “సెల్లుల.”

అవునంటే ఔను, కాదంటే కాదు అనే ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఇల్లు కట్టకూడదని ఆ రోజు తెలిసింది. ‘ఎట్లా?’, ‘ఎప్పుడు?’, ‘పోయినసారి అయినప్పటి సంగతి ఒకటి చెప్పు’ అని అడిగితేనే మనిషి బయటికొస్తాడు. ఆ కుర్రాడి అసలు సంగతి మాత్రం నవ్వులాట కాదు. వాడికి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇంకేదో ఉంది, అది మూడో సందర్శనలో గానీ చెప్పలేదు, ఇక్కడ నేను చెప్పను.

ఇంక ఆ ‘లో మూడ్’ అమ్మ దగ్గరికి వస్తాను. ఏభై దాటిన మనిషి, నర్సంపేట అవతల ఊరు. వచ్చే వారం మళ్లీ రమ్మని సార్ చెప్పారు, వచ్చింది. ఈసారి రాయడం కన్నా వినడం ముఖ్యమని సార్ నా చేతిలోంచి ప్రొఫార్మా తీసేసుకుని తెల్లకాగితం ఇచ్చారు. మధ్యలో ఒక గీత గీయించారు. ఎడమ పక్క ఆమె మాట కొటేషన్లలో, తెలుగు లిపిలో. కుడి పక్క నా ఇంగ్లీషు, అదీ తర్వాత.

“ఎట్లున్నవవ్వా?” అన్నాను. ఆ ‘అవ్వా’ నోటికి రావడానికి కొంచెం టైం పట్టింది.

“ఏముంది బిడ్డా. రంది.”

అంతే అన్నది. పోయిన వారం కూడా ఇదే అని ఉంటుంది, నేను ‘లో మూడ్’ అని మడిచి పెట్టేశాను. సార్ వెనక నుంచి మెల్లగా, “రంది ఎవరి మీదో అడుగు” అన్నారు.

ఇది తెలంగాణ బయటివాళ్లకు కొంచెం విప్పి చెప్పాలి. బుగులు అంటే భయం, అది పుట్టడానికి ఏ కారణమూ అక్కర్లేదు, ఊరికే బుగులైతాంది అనొచ్చు. గాబరా గుండెల్లో దడ. రంది అంటే దిగులు, అది అట్లా కాదు. దానికి ఎప్పుడూ ఒక మనిషో ఒక పనో ఉంటుంది. బిడ్డ పెళ్లి రంది, అప్పు రంది, పోయినవాళ్ల రంది. రంది అన్న మనిషిని దేని రంది అని అడగకుండా వదిలేస్తే సగం తలుపు తీసి వెళ్లిపోయినట్టే. మనాది ఇంకా లోతు, మనోవ్యాధి నలిగి మనాది అయిందంటారు. ఫలానావాడు మనాదితో పోయిండు అంటే, దానికి మందు లేదని ఊరు తీర్పు చెప్పేసినట్టు.

“ఎవరి రంది అవ్వా?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎప్పటిసంది?” అన్నాను, ఏడిపిస్తున్నానన్న భయంతో మాట మార్చి. “జాతరయినప్పటిసంది” అన్నది. పోయినసారీ ఇదే అన్నది. మేడారం జాతర ఫిబ్రవరిలో అయింది, ఇది ఆగస్టు, అందుకే ఆరు నెలలని రాశాను. లెక్క సరిగ్గానే ఉంది కదా!

సార్ ఈసారి గుసగుస మానేసి నేరుగా ఆమెనే అడిగారు. “మొన్నటి జాతరేనా అమ్మా?”

“కాదయ్యా. అంతకు ముందుది. మా పెద్దోడు బంగారం ఎత్తుకున్న జాతర.”

సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి. మొన్నటిది 2008, అంతకు ముందుది 2006. బంగారమంటే బెల్లం, నిలువెత్తు తూకం వేసి గద్దెల దగ్గర ఇస్తారు. పెద్దకొడుకు నెత్తిన ఆ బెల్లం ముద్దలు పెట్టుకుని జంపన్నవాగు దాటుతుంటే ఈమె వెనక నడిచింది. జాతర నుంచి ఇంటికొచ్చిన నెలలోపే ఆ పిల్లవాడు బండి మీద పోతూ లారీ కింద పడ్డాడు. ఆ తర్వాతి జాతరకు ఊరంతా పోయింది, ఈమె పోలేదు.

ఆరు నెలలు కాదు, రెండున్నరేళ్లు. అప్పుడు మేం వాడే జబ్బుల వర్గీకరణ పుస్తకం ఐసీడీ-10లో ఇది చిన్న తేడా కాదు. రెండు వారాలు దాటితే డిప్రెసివ్ ఎపిసోడ్ అని ఆలోచించొచ్చు, రెండేళ్లు దాటి సన్నగా సాగుతుంటే డిస్థైమియా మాట తలవాలి, దాని వెనక కొడుకు చావు ఉంటే అది ఇంకోరకంగా చూడాలి. ఆమె ఏ మాటన్నదో నేను రాసుకుని ఉంటే ‘జాతర’ అన్న మాట కాగితం మీద ఉండేది, సార్ మొదటిరోజే ఏ జాతర అని అడిగేవారు. నేను దాన్ని నెలల్లోకి మార్చేశాను. మార్చిన తర్వాత ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

ఆ రాత్రి హనుమకొండలో అద్దెగదికి వచ్చి ఒక క్యాలెండర్ తయారు చేసుకున్నాను. తారీకులది కాదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర మొదలు. మాఘంలో మేడారం, అదీ ఏడాది విడిచి ఏడాది. మాఘం, ఫాల్గుణాల్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి. ఉగాది. మృగశిర చినుకులు, విత్తనాలు. బోనాలు. బతుకమ్మ. దసరా దాటాక పత్తి ఏరుడు. ఎవరు ఎప్పటిసంది అని చెప్పినా ఆ కాగితం మీద వేలు పెట్టి వెనక్కి నడిచేదాన్ని. “పత్తి ఏరేటప్పుడు మంచిగనే ఉన్నదా? మల్ల మిర్చి కోసేటప్పుడు?” అంటే తారీకు తెలియని మనిషి కూడా వారం తేడా లేకుండా చెప్పేది. ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద అట్లాంటిదొకటి ఉంటుంది, కాకపోతే కంప్యూటర్‌లో కొట్టించినది.

కుర్చీల సంగతి కూడా ఇక్కడే నేర్చుకున్నాను. పేషెంటుతో సగటున ముగ్గురు వచ్చేవాళ్లు. రెండే కుర్చీలు. భర్త కూర్చుంటాడు, అత్త కూర్చుంటుంది, జబ్బు మనిషి గోడకు ఆనుకుని నిలబడుతుంది. నేను పిచ్చిదానిలా కూర్చున్నవాళ్లతో మాట్లాడేదాన్ని. సార్ అయితే ఎవరు కూర్చున్నారో కాసేపు చూసి, అది మనసులో రాసుకుని, అప్పుడు లేపేవారు. “మీరు జర బయట చాయ తాగి రాండ్రి” అనడానికి ఆ గుంటూరు నోరు ‘జర’ అని ఎట్లా తిరిగేదో! ఆ చాయ పదిహేను నిమిషాల్లో వచ్చిన సమాచారం అంతకుముందు గంటలో వచ్చేది కాదు.

అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పేరు తలవకుండా మా పాఠాలు గడిచేవి కావు. ఎదుటి మనిషి చెప్పినదాన్ని అద్దంలో చూపినట్టు తిరిగి ఆయనకే చెప్పాలని, అప్పుడు తనను విన్నారన్న నమ్మకం కుదురుతుందని. నిజమే. కానీ అదే ముక్క తెలుగులో, “మీరు చాలా బాధపడుతున్నట్టున్నారు” అంటే ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, “మరి పడ్తలేనా? గందుకే గదా వచ్చింది” అన్నది. మన దగ్గర విన్నామని తెలియజెప్పే పద్ధతి వేరు. చిన్నప్పుడు మా నానమ్మ కథ చెప్తూ నేను ఊ కొట్టడం ఆపితే కథ ఆపేసేది, పడుకున్నాననుకుని. ఓపీలో అదే ఊ. సాగదీసి ఒక ఊ, టక్కున ఒక ఊ, ‘అయ్యో’, ‘గట్లనా’, ‘మరి?’. సార్ నాకు ఒక రోజంతా ఊ తప్ప వేరే మాట అనకూడదని పందెం పెట్టారు. పదకొండున్నరకే ఓడిపోయాను, కానీ ఆ పొద్దున విన్నంత ఆ నెలంతా వినలేదు.

ఇంకో పాఠం చెప్పకుండా ఉండలేను. పేషెంట్లు మనల్ని ఇంటర్వ్యూ చేస్తారు. మనం పది ప్రశ్నలు అడిగాక పదకొండోది వాళ్లది. “ఏ ఊరు బిడ్డా మీది? ఎవలింటోళ్లు? పెండ్లయిందా?” సొంత సంగతులు చెప్పకూడదని, ప్రశ్నను మెల్లగా వాళ్ల వైపే తిప్పాలని చదువుకున్నాను. తిప్పి చూశాను. వాళ్ల ముఖం మూసుకుపోయేది. ఊరు పేరు కూడా చెప్పని మనిషికి ఇంటి గుట్టు ఎవరు చెప్తారు? సార్ ఒక హద్దు చెప్పారు, ఊరు చెప్పు, ఇంటిపేరు దగ్గర ఆగు అని. ఇంటిపేరుతో కులం తెలుస్తుంది, కులం తెలిస్తే కొందరు చెప్పాల్సినవి మింగేస్తారు, కొందరు అక్కర్లేనివి చెప్తారు.

లెక్కల పరీక్ష దగ్గర మాత్రం నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. ఏకాగ్రత చూడటానికి వందలోంచి ఏడు తీసెయ్యమంటాం, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు. 93, 86, 79, అట్లా. కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన ఒక బీడీల అక్కను అడిగాను. బడి ముఖం చూడలేదు. “వందలకెళ్లి ఏడు తీస్తే?” చాలాసేపు చూసి, “ఏడెందుకు తీసుడు? ఎవలికిచ్చినవ్?” అన్నది. నేను ‘ఏకాగ్రత లేదు’ అని రాయబోయి, ఎర్ర పెన్ను గుర్తొచ్చి ఆగాను. కట్టకు ఎన్ని బీడీలు అని అడిగాను. ఇరవై అయిదు. అయితే వెయ్యి బీడీల్లోంచి ఒక్కో కట్టా తీసుకుంటూ పో అన్నాను. 975, 950, 925, 900... ఆపకపోతే సున్నా దాకా వచ్చేసేది. ఆ వేగంలో నేను వెనకబడ్డాను. ఏకాగ్రత భేషుగ్గా ఉంది, ప్రశ్నలోనే తేడా.

సామెతలదీ అదే తంతు. పైకి కనిపించే అర్థం దాటి ఆలోచించగలరా అని చూడటానికి సామెత చెప్పి విప్పమంటాం. ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అంటే ఒక పిలగాడు, “పనికొస్తది సార్, మా పెరట్ల యాపచెట్టే” అన్నాడు. ఆ అబ్బాయి జబ్బును బట్టి అది అర్థం పైపైనే పట్టుకున్న జవాబు, అట్లాగే రాశాం. కానీ సార్ పెన్ను మూస్తూ, “వాడన్నది తప్పు కూడా కాదు” అన్నారు.

ఇవన్నీ నవ్వుతూ చెప్పగలిగినవి. ఒకటుంది, నవ్వు లేనిది.

దసరా సెలవులైన వారం. ఒకామె వచ్చింది, ముప్పై లోపే. వెంట భర్త. తలనొప్పి, నిద్ర పడ్తలేదు, కాళ్లు చేతులు గుంజుతున్నయ్. జనరల్ ఓపీ నుంచి మా దగ్గరికి పంపారు. ఆ రోజు జనం విపరీతం, సార్ మీటింగ్‌లో ఉన్నారు. గీత గీసిన కాగితం అయిపోయి పాత ప్రొఫార్మా తీశాను. అంటే మళ్లీ నేరుగా ఇంగ్లీషులో రాస్తున్నాను. ఇంతకుముందు ఏమన్నా చికిత్స చేయించుకున్నారా అని అడిగితే ఆమె నేల చూపులు చూస్తూ, “పోయినేడు మందు తాగిన. ఎంజీఎంల పెట్టిండ్రు” అన్నది. భర్త, “గదంత అయిపోయింది మేడం, ఇప్పుడు తలనొప్పే” అన్నాడు. నేను గబగబా రాశాను: పోయినేడు మందులు వాడారు, దవాఖానలో చేర్చారు. భర్త చెప్పేది నమ్మదగినది, సరిపోయినంత ఉంది. తర్వాతి పేషెంటు.

మధ్యాహ్నం సార్ షీట్లు చూస్తూ దాని దగ్గర ఆగారు. “ఏం మందు?”

“అడగలేదు సార్.”

“ఆమె ఏమన్నది? ఆమె మాట చెప్పు.”

“మందు తాగిన అన్నది సార్” అన్నాను, అంటూనే నా గొంతు నాకే వినిపించింది.

నేను పుట్టింది ఈ నేల మీద. 1998లో పత్తిని పురుగు తినేసి, అప్పులు మెడకు చుట్టుకుని రైతులు చనిపోతుంటే వరంగల్ పేరు దేశమంతటా పేపర్ల కెక్కిన రోజుల్లో నేను బడిపిల్లను. మా వాడకట్టులో ఒక చిన్నాయన ‘మందు తాగిండు’ అని అరుపులు వినపడి మా అమ్మ సగం పిసికిన పిండి చేతులతో పరుగెత్తడం నా కళ్లతో చూశాను. మందు మింగుడు వేరు, మందు తాగుడు వేరు. మగవాడు రోజూ తాగుతడంటే సారా. ఆడమనిషి ఒకనాడు తాగిందంటే చేన్ల కొట్టే మందు. ఈ ముక్క మా ఊళ్లో ఆరేళ్ల పిల్లకు తెలుసు. నాకూ తెలుసు. చెవిన పడ్డప్పుడు తెలుసు, చేయి రాసేటప్పుడు తెలియలేదు. ఇంగ్లీషులో ‘మెడిసిన్’ అని పడేసరికి ఆ మాటలోని విషం విరిగిపోయింది.

సార్ తిట్టలేదు. “ఇంకా మందుల కౌంటర్ దగ్గరే ఉండొచ్చు, చూడు” అన్నారు.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాను. మందుల కిటికీ దగ్గర ఆడవాళ్ల లైను, మగవాళ్ల లైను. లేరు. గేటు దగ్గర లేరు. ఎదురుగా చాయ డబ్బా పక్కన ఆమె ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది, భర్త ఆటో మాట్లాడుతున్నాడు. ఒక్క సంతకం మిగిలిపోయిందని అబద్ధమాడి వెనక్కి తీసుకొచ్చాను. భర్తను సార్ తన టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నేను, ఆమె స్టోర్ రూములో, ఫైళ్ల మధ్య రెండు స్టూళ్ల మీద.

చావు మాట మనం ఎత్తితే లేని ఆలోచన వాళ్ల తలలో పెట్టినట్టవుతుందని ఊళ్లోనే కాదు, చదువుకున్నవాళ్లలో కూడా ఒక భయం ఉంటుంది. అది నిజం కాదని, సూటిగా అడగడమే వాళ్లకు ఆసరా అని పాఠంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నోటితో అడగడం అదే మొదటిసారి. “ఇప్పుడు గూడ సచ్చిపోవాల్ననిపిస్తాందా అక్కా?”

ఆమె ఏడవలేదు. నేననుకున్నట్టు ఏదీ జరగలేదు. కాసేపు ఫైళ్ల వైపు చూసి, ఇంటి సామాను ఎక్కడ పెట్టిందో చెప్పినట్టు మామూలుగా, “డబ్బా ఇంట్లనే ఉంది. పిలగాండ్లకు అందొద్దని అటక మీద పెట్టిన” అన్నది.

అదే జవాబు.

ఆ తర్వాత చేయాల్సినవి సార్ చేశారు. సైకియాట్రిస్ట్ మళ్లీ చూశారు. భర్తతో, ఆ తర్వాత ఫోన్ చేసి పిలిపించిన ఆమె అన్నతో విడిగా మాట్లాడారు. ఆ డబ్బా ఆ రాత్రే ఇల్లు దాటాలని, చేనికి కావాల్సిన మందు ఇకమీదట ఆ ఇంట్లో ఉండకూడదని, కొన్నాళ్లు ఆమెను ఒంటరిగా వదలొద్దని. భర్త మొదట ఒప్పుకోలేదు, ‘పోయినేడు పొరపాటున తాగింది’ అన్నాడు. ఆయన్నీ అనలేం. అప్పటికి ఆత్మహత్యాయత్నం ఐపీసీ 309 కింద నేరం, పోలీసు కేసవుతుందన్న భయంతో ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే మాట, పొరపాటున తాగిందని, చీకట్లో కనబడలేదని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాక గానీ, అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు అన్న మాట రాతలోకి రాలేదు. ఇప్పుడైతే రాత్రీ పగలూ పలికే టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి చేతిలో పెట్టి పంపుతున్నాం. అప్పుడు పెట్టడానికి మా దగ్గరున్నది వచ్చే బుధవారం రమ్మన్న చీటీ ఒక్కటే.

ఆ వారం రోజులు నాకు అన్నం సయించలేదు. రోజూ పేపర్ జిల్లా పేజీ తీసి వాళ్ల మండలం పేరు వెతికేదాన్ని.

బుధవారం పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. వరండా పలచబడింది. రెండింటికి ఆమె వచ్చింది, ఈసారి అన్నతో. బస్సు చెడిపోయి దారిలో ఆగిందట. కుర్చీ లాక్కుని తనే కూర్చుంది. నేను గీత గీసిన కాగితం తీసి, పెన్ను మూత తీసేలోపే, “డబ్బా మా అన్న పట్కపోయిండు” అన్నది. ఎడమ పక్క కొటేషన్లలో రాశాను. నిద్ర కొంచెం పడ్తాందన్నది. రాశాను. నా ముఖం వైపు చూసి, “నువ్వు తిన్నవా బిడ్డా? మొఖమంత గుంజుకపోయింది” అన్నది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో అంతే, బిడ్డా అంటోంది. ఏం చేయాలో తోచక దాన్నీ కొటేషన్లలో రాసేశాను.

సాయంత్రం సార్ ఆ కాగితం పై నుంచి కింద దాకా చదివారు. ఎర్ర పెన్ను తీయలేదు.

“తిన్నావా మరి?” అన్నారు.

తినలేదు. సర్వపిండి డబ్బా సంచిలోనే ఉంది.